తడారని తలుపు

"ఇంటాయన ఉన్నారా?"

ఆ గేటు గడియ కొత్తవాళ్ళకి ఓ పట్టాన ఊడదు. నోటీసులు పంచే కోర్టు అమీనా మాత్రం ఒంటిచేత్తో తీసుకుని లోపలికొచ్చాడు. కుక్క మొరగలేదు.

"లేరండీ. పొద్దున్నే పనికెళ్ళారు," అంది ఇల్లాలు. తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరమని ఆమె మొత్తుకుంటున్నా వినకుండా, తమ్ముడి వ్యాపారం కోసం ఇల్లు తాకట్టు పెట్టాడు మొగుడు. తమ్ముడు తాను మునిగి అన్నని ముంచాడు. బ్యాంకు దావా వేసింది. ఈ నోటీసు అందిందంటే ఇల్లు వేలానికి సగం దూరం నడిచినట్టే. నెలాఖరుకల్లా బాకీ తీర్చేస్తానని మరిది ఒట్టేశాడు. అందాకా ఎలాగోలా నెట్టుకురావాలి.

"పోనీ, మీరు సంతకం పెట్టి తీసుకోండి."

"ఆయన్ని అడక్కుండా నేనేదీ తీసుకోనండీ."

"మంచి అలవాటు," అన్నాడు అమీనా మనస్ఫూర్తిగా.

కానీ ఈసారి ఉత్తచేతులతో వెళ్తే కుదరదట. మనిషి దొరక్కపోతే తలుపుకి అంటించి, సాక్షి సంతకం తెమ్మని జడ్జిగారు గట్టిగా చెప్పారట. పక్కింటివాళ్ళని పిలిస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి పోయారు. చివరికి ఎదురింట్లో నిన్ననే దిగిన మాస్టారు దొరికాడు.

"తలుపుకి ఇందాకే రంగేశారండీ. ఇంకా ఆరలేదు," అంది ఆమె.

అమీనా వేలితో తాకి చూశాడు. గోళ్ళ సందుల నిండా ఆకుపచ్చ రంగు. ఆమె కంగారుపడి, అతని కాళ్ళు నాకుతున్న కుక్కని అదిలించింది.

"దీనిమీద అంటిస్తే రంగు ఊడుతుంది. తాకట్టు ఆస్తికి నష్టం. బ్యాంకు నామీద పడుతుంది," అన్నాడు అమీనా.

గోడకి అంటించొచ్చుగా అన్నాడు మాస్టారు.

"ఆర్డరులో తలుపనే ఉందండీ."

మాస్టారికి అది సబబుగానే తోచింది. ఇంతకీ ఈ ఇంటాయన ఎలాంటివాడని అడిగాడు.

"నాకెప్పుడూ ఎదురుపడలేదండీ. మంచోడనే అంటారు."

ఇంటాయన లేడనీ తలుపు తడిగా ఉందనీ రాసి, మాస్టారి చేత సంతకం పెట్టించుకుని, అమీనా టోపీ సర్దుకుంటూ వీధి మలుపు తిరిగాడు. ఈ వాయిదాకి గండం గడిచిందనుకుంటూ ఆమె వంటింట్లోకి వెళ్ళి కంచం పెట్టింది. కాసేపటికి పెరటి తలుపు చప్పుడైంది.

"నాకోసం ఎవరైనా వచ్చారా?" అన్నాడు మొగుడు, అమీనా టోపీ చిలక్కొయ్యకి తగిలిస్తూ.