అతసీ రాణి పాత పాటలు

టేప్‌రికార్డర్ ఎర్ర బటన్ కిందికి దిగడం లేదు.

పర్శరాములు బొటనవేలితో నొక్కాడు. పిడికిలితో గుద్దాడు. దిగితే ఒట్టు!

"జల్ది కానియ్యిరా! ట్యాక్సీ వచ్చింది" అని అరిచాడు పోచన్న, పెట్టెకు తాడు బిగిస్తూ. ఇద్దరిదీ జగిత్యాల పక్కన ఒకే ఊరు. పోచన్న ఈ పూటే గల్ఫ్ నుంచి ఇంటికి పోతున్నాడు.

పక్కనున్న ఉమ్ అల్ క్వైన్‌లో ఎవరో పర్శరాములు పరంజా మీద నుంచి పడి చచ్చిపోయాడు. ఊళ్లో అందరూ ఈ పర్శరాములే అనుకున్నారు. తల్లి ఐలవ్వ మంచం పట్టింది. బతికే ఉన్నానని ఉత్తరం రాయించి పంపితే నమ్మలేదు.

"నా కొడుక్కు రాసుడే రాదు. ఎవలో రాసిండ్రు. వాని గొంతు వినిపియ్యుండ్రి" అందట.

ఇవాళేమో శుక్రవారం. నమాజు అయ్యేదాకా అజ్మాన్‌లో కొట్లు తీయరు. గదిలోని క్యాసెట్లన్నీ మాటలు నింపుకుని ఎప్పుడో ఊళ్లకు పోయాయి. వెతగ్గా వెతగ్గా దొరికింది ఇదొక్కటే.

అది నిబారణ్‌ది. నెల కిందట క్యాంపుకు వంటవాడిగా వచ్చిన బెంగాలీ ముసలాయన. మాట తక్కువ. పని కాగానే ఆ క్యాసెట్ పెట్టుకుని కూర్చుంటాడు.

మొదటి రోజే పర్శరాములు గుర్తుపట్టాడు. "అరే, గిది అతసీ రాణి గొంతు కాదూ?"

ఆమె చనిపోయి రెండేళ్లయినా కింది చాయ్ హోటల్లో పొద్దస్తమానం ఆమె హిందీ పాటలే మరి!

"పాత పాటలు. బంగ్లా" అన్నాడు నిబారణ్ హిందీలో. "బొంబాయి పోకముందు పాడింది."

అర్థం కాకపోయినా గదంతా ఆ పాటలకు అలవాటు పడింది.

ఇప్పుడు ఆ నిబారణే గుమ్మంలో నిలబడ్డాడు. చూశాడు. ఒక్క ఉదుటున వచ్చి క్యాసెట్ లాక్కున్నాడు.

"నై! యే నై!"

పర్శరాములు తనకొచ్చిన హిందీలో సంగతంతా చెప్పాడు. కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు.

"సాయంత్రం బజార్ల గిసోంటిదే కొనిస్త కాకా! అవ్వ మీద ఒట్టు."

నిబారణ్ క్యాసెట్‌ను రొమ్ముకు అదుముకున్నాడు.

కింద హారన్ మోగింది.

"పాటలు మళ్ల దొరుకుతయి కాకా. మా అవ్వ సచ్చిపోతది!"

"అమ్మకు నువ్వొక్కడివేనా?"

"ఒక్కణ్నే."

మళ్లీ హారన్. ట్యాక్సీ పోతానంటోందని పోచన్న తిట్లు మొదలుపెట్టాడు.

నిబారణ్ పేపరు ముక్క చింపాడు. ఉండ చుట్టాడు. ఎవరూ చెరపకుండా ఎప్పుడో విరగ్గొట్టి ఉంచిన క్యాసెట్ అంచు రెక్క సందులో దాన్ని కుక్కాడు. బటన్ తనే నొక్కాడు.

ఈసారి దిగింది.

"మాట్లాడు" అని బయటికి వెళ్లిపోయాడు.

"అవ్వా, నేనే! నీ పర్శరాములును. సచ్చిపోలేదే. బువ్వ తినవే అవ్వా..."

ఆ సాయంత్రం ఓవర్‌టైం పడింది. ఆ తర్వాత వారం ఇంకేదో పని. ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఇదే. నిబారణ్ కూడా అడగలేదు.

నెలన్నరకు క్యాసెట్ తిరిగొచ్చింది. వచ్చిన క్యాసెట్లోనే జవాబు నింపి పంపడం ఊళ్లో అందరి పద్ధతి. అటువైపు ఐలవ్వ ఏడుపు, నవ్వు. ఇటువైపు మిగిలిన చోటంతా చుట్టాలూ వాడకట్టూ. పాట ఒక్క ముక్కా మిగల్లేదు.

తెలుగు ముక్క రాని నిబారణ్ రెండు వైపులా చివరిదాకా విన్నాడు. టేపు ఆగాక అడిగాడు.

"అమ్మ అన్నం తింటోందా?"

"తింటున్నది కాకా!"

"బస్. ఠీక్ హై."

మర్నాడే కంపెనీ ఆయన్ను ఖోర్ ఫక్కాన్ క్యాంపుకు పంపేసింది. మంచం ఖాళీ అయ్యాక గానీ పర్శరాములుకు సిగ్గేయలేదు. ఎలాగైనా కొని పంపుదామని ఆయన వదిలేసి పోయిన క్యాసెట్ డబ్బా పట్టుకుని చాంద్ బాషా కొట్టుకు పరుగెత్తాడు.

"బాషా భాయ్, గిదే క్యాసెట్ గావాలె. అతసీ రాణి బంగ్లా పాటలు."

నెల్లూరు బాషా డబ్బాలోని కాగితం తీసి చూశాడు. మొహం చిట్లించాడు.

"ఆమెవి హిందీవే అమ్మతారబ్బాయా. బంగ్లావి యాడా రాలేదే. ఇదేందో చేత్తో రాసుండాది."

పక్క కొట్టు దర్జీ ఢాకా మనిషి. బాషా కేకేసి కాగితం చేతికిచ్చాడు. దర్జీ ఒకసారి చదివాడు. మళ్లీ చదివాడు. పర్శరాములు వైపు చూశాడు.

"ఏం రాసుంది భాయ్?"

దర్జీ ఒక్కొక్క మాటే హిందీలో చెప్పాడు.

"మా అమ్మాయి అతసి పదహారేళ్లప్పుడు మా వంటింట్లో కూర్చుని పాడిన పాటలు, ఇంకెక్కడా లేవు, దయచేసి ఎవరూ చెరపొద్దు... ఇట్లు, తండ్రి నిబారణ్."