తోడు చేపలు

"ఆ ట్యాంకు కొన్నది నేను. అది నాదే అవుతాది," అన్నాడు గిరిబాబు గుమ్మంలోనే నిలబడి. వీధిలో లగేజీ ఆటో ఇంజను ఆపకుండా పొగ కక్కుతోంది.

సుహాసిని చేతిలో మేత డబ్బా ఉంది. అద్దాల తొట్టెలో అగ్గిపుల్లంతేసి నియాన్ టెట్రా చేపలు నీలం గీతలు మెరిపిస్తూ, ఒకే గుంపుగా ఆమె వేలు ఎటు కదిలితే అటు తిరుగుతున్నాయి.

"మంచం, బీరువా, ఫ్రిజ్జు అన్నీ అట్టుకుపోనావు కదా బావా. ఇవి నేను పెంచుకున్నవి. వీటినైనా వగ్గేయ్."

"శైలజకి ఇష్టం. పగలంతా ఇంటికాడ ఒక్కర్తీ ఉంటాది. దానికి తోడుంటాయి."

ఏ ఆడదానికైనా ఒళ్ళు మండే మాట అది. శైలజ ఎవరో కాదు, సుహాసిని పిన్ని కూతురే. ఖరగ్‌పూర్‌లో పెరిగిన పిల్ల. గరివిడిలో ప్రైవేటు బడిలో ఉద్యోగం దొరికితే, హాస్టల్ తిండి పడదని సుహాసినే చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చింది. ఇల్లు ఇరుకని గిరిబాబు సణిగితే తనే సర్దిచెప్పింది. రెండేళ్ళు తిరక్కుండా విడాకుల కాగితం మీద సంతకం పెట్టాల్సిందీ తనే అయింది. మొగుడు వెళ్ళిపోయాక ఆ ఇంట్లో ఆమెకు మిగిలిన ప్రాణాలు ఈ చేపలే. పొద్దున్న లేస్తే ముందు మాట్లాడేది వాటితోనే.

ఆటో దిగి శైలజ లోపలికొచ్చింది. "బాగున్నావా అక్కా?" అంది, ఏమీ జరగనట్టే.

సుహాసిని తొట్టె వంక తిరిగి చిటికెడు మేత చల్లింది.

"వచ్చే ఆదివారం రండి. అన్నీ సర్ది ఉంచుతాను," అంది.

ఇంత తేలిగ్గా దారికొస్తుందని గిరిబాబు అనుకోలేదు.

ఆదివారం వాళ్ళు వచ్చేసరికి చేపలన్నీ గాలి నింపిన కవర్లలో సిద్ధంగా ఉన్నాయి. తొట్టెలోని పాత నీళ్ళు బకెట్లలో పట్టి ఉంచింది.

"నీళ్ళన్నీ ఒకేసారి మార్సీకండి. మేత సిటికెడే. గుంపు సెదిరిపోతే ఇవి బెంగెట్టుకుని సచ్చిపోతాయి," అని ఒక్కొక్కటీ విడమర్చి చెప్పింది.

శైలజ ఒక కవరు వెలుగుకెత్తి చూసింది. "ఈ ఎర్రయి ఏటక్కా? మొన్న లేవు కదా!"

"మా నాన్న మా ఊరి గెడ్డలో పట్టి ఇచ్చినాడు. ఇవీ గుంపుగానే తిరుగుతాయి. టెట్రాలకి తోడుంటాయని ఇస్తన్నాను."

"అబ్బ, కుంకం రంగు! ఎంత ముద్దుగున్నాయో సూడు బావా!"

గిరిబాబు చూడలేదు. అతనికి అనుమానం పట్టుకుంది. "నిజం సెప్పు. ఈ నీళ్ళల్లో ఏటైనా మందు కలిపినావా?"

సుహాసిని బకెట్లో గ్లాసు ముంచి, ఆ నీళ్ళు గటగటా తాగేసింది.

"సాలా?" అంది.

గిరిబాబు తల దించుకున్నాడు. శైలజకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

"నీ మనసు ఎవరికీ రాదక్కా. నేనైతే ఇచ్చీదాన్ని కాదు."

సుహాసిని ఆఖరికి టెట్రాల కవరు తీసుకుని చెంపకు ఆనించుకుంది. "నన్ను క్షమించండర్రా," అని వాటితో చెప్పి వెక్కివెక్కి ఏడ్చింది. ఆ ఏడుపులో నటన లేదు. శైలజే ఆమె చేతుల్లోంచి కవరు నెమ్మదిగా తీసుకుంది.

తొట్టే చేపలూ ఎక్కించుకుని ఆటో సందు తిరిగింది. ఇదంతా అరుగు మీంచి చూస్తున్న పక్కింటి దుర్గాభవాని ఉండబట్టలేక వచ్చేసింది.

"నీకు బుద్ధుందేటే? నీ కొంప కూల్చినోళ్ళకి ఉన్న సేపలు సాలక, కొత్తవి కూడా తెచ్చి ఇస్తావా?"

సుహాసిని పైటకొంగుతో మొహం తుడుచుకుంది.

"అవి కొరమేను పిల్లలు వదినా, పక్క సేపల్ని మింగే ఈడొచ్చీదాకా ముద్దుగానే ఉంటాయి."