పట్టుకున్న చెయ్యి

కురుమయ్య కొట్టిన మొదటి దెబ్బ శ్రీశైలం భుజం మీద పడింది. పాపం, ఆ అటెండర్ చేసిన తప్పల్లా బడి గేటు దగ్గర అడ్డంగా నిలబడటమే.

"డానియల్ గాడు ఏడీ?"

"అన్నా, జర ఆగు. సార్లతోని మాట్లాడు..."

రెండో దెబ్బకు శ్రీశైలం కూలబడిపోయాడు. కురుమయ్య అతన్ని దాటుకుని లోపలికి నడిచాడు.

తిరుమలగిరి అంగట్లో గొర్రెల బేరాలు కుదిర్చే మనిషి కురుమయ్య. నెమ్మదస్తుడు. ఇరవై ఏళ్లలో ఎవరి మీదా చెయ్యెత్తినట్టు ఊళ్లో ఒక్కరూ వినలేదు. అలాంటి మనిషికి నిప్పంటించింది భద్రమ్మ. ఆమె ఆ హైస్కూల్లో మధ్యాహ్న భోజనం వండుతుంది. చూసింది చూసి ఊరుకుంటే ఆమె భద్రమ్మ ఎందుకవుతుంది?

"నిన్న మీ శోభ చెయ్యి ఆ ఏసోబు కొడుకు పట్టుకున్నడన్నా. మీద తువ్వాల కప్పుకున్నరు. గీ కండ్లతోని చూసిన."

కురుమయ్య నోటి దగ్గరి ముద్ద పళ్లెంలో పడింది. "తువ్వాల కప్పుకున్నరా? ఎంతసేపు?"

"చానసేపే. నీ బిడ్డ వాని వేళ్లు పట్టుకొని ఏందో చెప్తాంది, వాడు తల ఊపుతాండు."

అంతే. కురుమయ్య చెయ్యి కూడా కడుక్కోలేదు. మూలనున్న కర్ర అందుకున్నాడు.

అతని కంటే ముందు కబురు నడిచింది. ఊరు ఊరంతా వచ్చి బడి గోడలెక్కింది. కురుమయ్య ఇల్లు ఊరి నడుమ, ఏసోబు ఇల్లు ఆ చివర, చర్చి వెనక. ఇలాంటి ముచ్చట ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో ఎవరికీ చెప్పనక్కర్లేదు. "ఇయ్యాల శవం లేసుడే" అన్నారెవరో. ఆపుదామని మాత్రం ఒక్కరూ గోడ దిగలేదు. ఛీ, ఏం మనుషులో!

నిర్మలమ్మ టీచర్ డానియల్‌ను సైన్సు గదిలోకి తోసి బయట తాళం వేసింది. పిల్లలకు వ్యాపార పాఠాలు చెప్పేది ఆమే. ఆ క్లాసూ, జపాన్ భాష క్లాసూ ఆ బడికి ఈ ఏడాదే కొత్తగా వచ్చాయి. ఆమె పోలీసులకు ఫోన్ చేసింది. అరగంటలో వస్తామన్నారు.

అరగంట! అప్పటికే కర్ర కిటికీ అద్దాల మీద పడింది. పిల్లలు బెంచీల కిందికి దూరారు. ఒక పిల్ల నుదుటికి గాజుముక్క గుచ్చుకుని రక్తం కారింది.

"కురుమయ్యా, నీకు దండం పెడత!" జపాన్ భాష చెప్పే కమలాకర్ సారు చేతులు చాపి అడ్డం వచ్చాడు. "నిన్న మా రెండు క్లాసులు కలిపి చెప్పినం. ఎవరికొచ్చిన భాషల వాళ్లను ఇద్దరిద్దరు బేరమాడమన్నం. అది పాఠమయ్యా! చాటుకు జరిగింది గాదు. ముప్పై మంది ముందట జరిగింది."

ఆ మాటతో చల్లారతాడనుకున్నాడు పిచ్చి సారు. కురుమయ్య ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"ముప్పై మందా? అందరు చూసిండ్రా?"

"చూసుడేంది, నీ బిడ్డ అందరికి ఇడమర్చి చెప్తే చప్పట్లు గూడ కొట్టిండ్రు! నూటికి నూరు మార్కులు వాళ్లిద్దరికే వచ్చినయి."

మంచికి పోతే చెడు ఎదురైంది. కురుమయ్య అతని గల్లా పట్టి గోడకేసి కొట్టాడు. సారు ముక్కు పగిలింది.

అప్పుడే ఏసోబు పత్తి చేను నుంచి పరుగెత్తుకొచ్చాడు. ఏటా తన మేకలను కురుమయ్య చేతుల మీదుగానే అమ్ముకునే మనిషి. వచ్చీ రాగానే కాళ్ల మీద పడ్డాడు.

"అన్నా, నా పోరడు ముట్టుకున్నది తప్పే. పొద్దుగూకేసరికి ఊరిడిసి పోతం. వాన్ని సంపకు."

"లెవ్వు. సంపుడు గింపుడు లేదు. నాకు వాని కుడిచెయ్యి కావాలె."

ఏసోబు కాళ్లు వదల్లేదు. కర్ర అతని వీపు మీద పడింది. మళ్లీ పడింది. మూడోసారి తల మీద పడింది. ఏసోబు కేక బడంతా వినిపించింది.

సైన్సు గది కిటికీ తెరుచుకుంది.

"మా బాపును కొట్టకు!" లోపలి నుంచి డానియల్ అరిచాడు. కిటికీ చువ్వల మధ్య నుంచి కుడిచెయ్యి బయటికి పెట్టాడు. "ఇగో, గిదే చెయ్యి. బాపును ఇడిసిపెట్టు."

నిర్మలమ్మ "వద్దురా!" అనేలోపే కురుమయ్య కర్ర పారేసి ఆ చెయ్యి దొరకబుచ్చుకున్నాడు. చూపుడువేలును చువ్వకు ఆనించి వెనక్కి వంచాడు. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. డానియల్ పెట్టిన కేకకు గోడ మీది జనం కళ్లు మూసుకున్నారు.

శోభ ఆడపిల్లల చేతుల్లోంచి విడిపించుకుని వచ్చి తండ్రి నడుము పట్టుకుంది.

"నాయినా, ఇడువు! నీకు దండం పెడత! మా ఇద్దరి నడుమ ఏం లేదు. అవ్వ మీద ఒట్టు, ఏం లేదు!"

కురుమయ్య తల తిప్పి కూతురిని చూశాడు. అతని కళ్ల నిండా నీళ్లు. పట్టు మాత్రం సడలలేదు. ఆ చేతిలోనే నడిమివేలు వెతికి పట్టుకున్నాడు.

"ఉంటే నాలుగు తిట్టి ఊకుంటుంటి బిడ్డా, మా తాత కాడికెల్లి అంగట్ల తువ్వాల కింద వేళ్లు వత్తుకుంట రేటు చెప్పుకునే మన దళారోళ్ల భాషను ఊరి పిల్లలందరికి నేర్పితివి గదనే, ఇగ రేపటికెల్లి వీళ్లకు నడుమ నేనెందుకు?"