రోజుకు ఒక్కరు

మంచినీళ్ల ఆఫీసులో రిపోర్టులు నూట పన్నెండు. చూసే నాథుడు ఒక్కడూ లేడు.

అన్నీ వెబ్‌సైట్‌లో రంగురంగుల బొమ్మలతో మెరిసిపోతుంటాయి. ఎవరైనా, ఎక్కడినుంచైనా తెరవొచ్చు. అందుకే ఎవరూ తెరవరు. చివరికి హైదరాబాదులో ఎవరికో విసుగొచ్చి ఉత్తర్వు పంపారు: నెల రోజుల్లో ఎవరూ తెరవని రిపోర్టును తీసేయాలి, దాన్ని తయారుచేసే మనిషినీ తీసేయాలి.

మంచిర్యాలలో సూపరింటెండెంట్ ఓంప్రకాశ్ మొదట పిలిచింది మహిమను. చెడిపోయిన బోరింగుల రిపోర్టు ఆమెది. మ్యాపు నిండా ఎర్రచుక్కలే. చూస్తే బాగుచేయించాల్సి వస్తుంది. కాబట్టి చూడడమే మానేశాడు.

"గీ రిపోర్టు ఎవలు చూస్తరమ్మా? నేనే చూడ," అన్నాడు.

"ఇల్లు నా జీతం మీదనే నడుస్తది సార్. నెల దాకనన్న ఆగున్రి."

"ఆగుత. కానీ నువ్వే తెరువద్దని రూలున్నది, యాదికుంచుకో."

"యాదికున్నది సార్," అంది మహిమ.

నెల తిరిగింది. ఓంప్రకాశ్ లెక్క తీశాడు. మిగతా నూట పదకొండింటికీ సున్నా. బోరింగుల రిపోర్టుకు ముప్ఫై! రోజుకు ఒక్కరు, సరిగ్గా తెల్లవారుజామున ఐదింటికి. కంప్యూటరు టైము చెప్తుంది గానీ పేరు చెప్పదు.

ఓంప్రకాశ్ చటుక్కున లేచి నిలబడ్డాడు. "వామ్మో! గింత పొద్దుగాల లేశి ఎర్రచుక్కలు లెక్కవెట్టేటోళ్లు ఇంకెవలుంటరు? హైదరాబాదు పెద్దసారే!"

ఆ రోజే మెకానిక్ పర్శరాములును బండెక్కించాడు. "జల్ది పోవయ్యా! నా నౌకరికే ఎసరొచ్చింది."

మూడేళ్లుగా మూలబడ్డ బోరింగులు మూడు వారాల్లో నీళ్లు కక్కాయి. ప్రతి ఊళ్లోనూ ఓంప్రకాశ్ వెంటవెళ్లి తనే హ్యాండిల్ కొట్టి చూశాడు. పాపం, చేతులు బొబ్బలెక్కాయి. మ్యాపు పచ్చబడింది. అయినా ఆ చూసేవారు ఒక్కరోజూ మానలేదు.

మహిమ కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించారు. ఓంప్రకాశ్ ఇప్పుడు నాలుగున్నరకే లేచి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పెద్దసారు ఫోన్ చేస్తే తడబడకుండా ఐదింటికి నిలబడే ఉంటున్నాడు.

సరిగ్గా ఆ ఐదింటికి బెల్లంపల్లిలో, అక్షరం ముక్క రాని రిబ్కమ్మ ప్రార్థన ముగించి, "నా కొలువు నిలవాల్నంటే రోజూ గీడ ఒక్కసారి ఒత్తు అవ్వా" అని తన ఫోన్‌లో బిడ్డ మహిమ చూపించిన చోట వేలు పెట్టి ఒత్తుతోంది.