జమ్ము మొలిచిన చోటు

“నీళ్లు తక్కువ పొయ్యమని ఎన్నిసార్లు చెప్పాలె మల్లన్నా? ఇగో, మూడో చెట్టు గూడ పసుపెక్కింది. ఇయాల్టితోని నీ పని బంద్.”

వెంచర్ గేటు దగ్గర వరుసగా నాటిన క్రిస్మస్ చెట్లను చూపిస్తూ అన్నాడు నరేందర్. శంషాబాద్ అవతల ఆ ప్లాట్లు అమ్మిపెట్టే మేనేజరు అతను. తోటమాలి బాలమల్లు తలెత్తలేదు. పని బంద్ అనే మాట ఈ నెలలో ఇది నాలుగోసారి వినడం. మొదటిసారి విన్నప్పుడు కాళ్లు పట్టుకుని బతిమాలాడు. ఇప్పుడు అదీ లేదు. కానీ పని పోతే కుదరదు. భార్య లింగమ్మను వారానికి రెండుసార్లు దవాఖానలో రక్తం శుద్ధి చేసే మిషన్ మీద పడుకోబెట్టాలి. రానుపోను ఖర్చులకు, మందులకు ఈ జీతమే దిక్కు.

“నెలసంది చుక్క నీళ్లు పొయ్యలే సార్,” అన్నాడు నేల చూస్తూనే.

“మరెట్ల సస్తున్నయి?”

“ఇది గుట్టల మీది చెట్టు. దీనికి నేల తడవాలె, మల్ల ఆరాలె. కింద నీళ్లు నిలిచినయంటే ఏర్లు కుళ్లిపోతయి. అగో, ఆ జమ్ము గడ్డి చూడున్రి. దానికి ఎప్పటికీ కాళ్లు నీళ్లల్లనే ఉండాలె. నేల ఎండిందంటే అది సస్తది. ఇది సచ్చే జాగల అది బతుకుతది.”

“ఆ గడ్డి ఎవడు పెట్టిండు?”

“ఎవ్వలు పెట్టలే. నలభై ఒకటో ప్లాట్ల దానంతట అదే మొలిచింది. మీరు మీద ఎంత మట్టి పోసినా కింద ఉన్నది కుంటనే సార్. ఇల్లు కడితే వానకాలం మంచాల కిందికి నీళ్లొస్తయి.”

నరేందర్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “ఈ ముచ్చట ఎవలతోనన్న అన్నవా?”

“అడిగినోళ్లు లేరు.”

“అడిగినా అనకు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటరు. నీకు నౌకరి గావాల్నా, వద్దా?”

బాలమల్లు జేబులో ఫోను మోగింది. కూతురు మంజుల. బడంగ్‌పేట్‌లో కిరాయి ఇంట్లో ఉంటుంది, లింగమ్మ ఉండేదీ ఆమె దగ్గరే. మందుల సంగతే అయ్యుంటుంది. మేనేజరు ఎదురుగా మాట్లాడితే ఏం బాగుంటుందని కట్ చేశాడు.

నరేందర్ కారులోంచి ఆకుపచ్చ రంగు స్ప్రే డబ్బాలు నాలుగు తెచ్చి అతని చేతిలో పెట్టాడు. “ఒక పార్టీ వారంసంది నాన్చుతున్నరు. పెండ్లాం సై అంటే మొగడు నై అంటడు. ఇయాల వీడియో పంపుత. ముందుగాల ఆ జమ్ము పీకు. తర్వాత చెట్లకు రంగు కొట్టు.”

బాలమల్లు పంచె ఎగ్గట్టి జమ్ము పీకాడు. ఒక్కో దుబ్బు ఊడిన గుంతలో గ్లాసెడు నీళ్లు ఊరాయి. ఎర్రమట్టి పోసి కాళ్లతో తొక్కాడు. పాదాల కింద చల్లగా తగులుతూనే ఉంది. ఆ తర్వాత ఎండిన కొమ్మలకు రంగు కొట్టుకుంటూ పోయాడు. పదిహేనేళ్లు నర్సరీల్లో మొక్కలు పెంచిన మనిషి. సిగ్గు వేయాల్సిన చోట ఆ సిగ్గు కూడా వేయలేదు.

మళ్లీ మంజుల ఫోను. ఈసారి రంగంటిన చేత్తోనే కట్ చేశాడు. తెర మీద ఆకుపచ్చ వేలిముద్ర పడింది.

“నువ్వు గూడ చెట్ల నడుమ నిలబడు మల్లన్నా,” అన్నాడు నరేందర్, సెల్‌ఫోన్ ఎత్తిపట్టి. “టై కట్టుకున్నోడు చెప్తే ఎవడు నమ్ముతడు? చేతికి మన్నంటినోడు చెప్తే నమ్ముతరు. నేల మంచిగుంది, నీళ్లు నిలవయి అను. గంతే.”

ఎవరో పార్టీ. ఎక్కడి వాళ్లో ఏమో. బాలమల్లు చెప్పాడు. సరిగ్గా అప్పుడే నెత్తి మీదుగా విమానం పోవడంతో మాట వినపడలేదు. నరేందర్ మళ్లీ చెప్పమన్నాడు.

“నేల మంచిగుందమ్మా. నీళ్లు నిలవయి. మంచిగ ఇల్లు కట్టుకోవచ్చు.”

రెండోసారి ఇంకా తేలిగ్గా వచ్చింది. చివరి ముక్క నరేందర్ అడక్కుండానే తనే కలిపాడు.

అరగంట కూడా కాలేదు. నరేందర్ ఫోను చూసుకుంటూ వచ్చి భుజం తట్టాడు. “పడ్డది మల్లన్నా. సగం పైసలు ఇప్పుడే పంపిన్రు. వాపస్ ఇచ్చేది లేదని ముందే సంతకం తీసుకున్న. ఇగ నీ నౌకరికి ఢోకా లేదు, పో.”

బాలమల్లు తలూపాడు. సంతోషమూ లేదు, బాధా లేదు. కుళాయి కింద చేతులు రుద్దుకుంటే రంగు వదలలేదు. మూడోసారి ఫోను మోగింది. పక్కన నరేందర్ లేడు గనక ఈసారి ఎత్తాడు.

“అవ్వకు మందులు అయిపోయినయా బిడ్డా?”

“మందులు ఉన్నయి బాపూ. నేనే నిన్నొక మాట అడుగుదామని చేసిన, రెండుసార్లు కట్ చేస్తివి. జాగ కొందామని నేనంటే నీ అల్లుడు వద్దంటుండె. గింతల్ల వెంచరోళ్లు వీడియో పంపిన్రు, చూస్తే అండ్ల నువ్వే ఉంటివి. మా బాపే చెప్పినంక ఇగ అడిగేదేముందని, అవ్వ గొలుసు అమ్మిన పైసలు గూడ కలిపి నలభై ఒకటో ప్లాటుకు కట్టేసినం.”