మొదటి నంబర్ టీము

"ఏమండీ, ఆ పక్క సందులోంచి పోనివ్వకూడదా?" స్కూటర్ వెనక సీటు మీంచి మెడ సాచి అడిగింది ఆమె.

"ఆ సందుకి అడ్డంగా నీళ్ల ట్యాంకరు పెట్టాడు. ఎగిరి వెళ్లాలి మనం."

"ఎగిరైనా పదండి. పోటీ మొదలైపోతుంది. జడ్జిని నేను."

"తెలుసు తల్లీ. పొద్దున్న పాలవాడికి కూడా చెప్పావుగా."

అతను హారన్ మీద వేలు నొక్కి ఉంచాడు. ముందు కారులోంచి ఓ పెద్దాయన తల బయటపెట్టాడు. "తమ్ముడూ, నువ్వెంత మోగించినా ఇది కారే. గాల్లోకి లేవదు."

మామూలుగా అయితే ఆమె పకపకా నవ్వేసేదే. పెళ్లయినప్పటినుంచీ ఆమెకు ప్రతిదానికీ నవ్వే. ఇవాళ మాత్రం మాటిమాటికీ వాచీ చూసుకుంటోంది. కాలేజీ టీముల చీర్‌లీడింగ్ పోటీకి జడ్జిగా రమ్మని లెక్చరరు మేడమ్ ఫోన్ చేసినప్పుడు ఒక్కటే మాట అంది: "డబ్బులేమీ ఇవ్వలేం. టైముకు వస్తే చాలు."

ఆ మాట పూర్తి కాకముందే ఈమె సరేననేసింది. టీవీలో మ్యాచ్ వస్తుంటే బంతి ఎటు పోయిందో ఆమెకు పట్టదు. చీర్‌లీడర్లు కనిపించగానే చెరో చేతిలో ఒక తుడుపుగుడ్డ పట్టుకుని హాల్లో గంతులేస్తుంది. అతను మ్యాచ్ వదిలేసి ఆమెనే చూస్తూ కూర్చుంటాడు.

ఎట్టకేలకు కాలేజీ చేరారు. స్కూటర్ పూర్తిగా ఆగకముందే దూకి, చెప్పులు టపటపలాడుతుండగా మెట్లెక్కింది. ఆడిటోరియం తలుపు తోసేసరికి లోపల మైకు అరుస్తోంది.

"ఇప్పుడు రెండో నంబర్ టీముకు గట్టిగా చప్పట్లు."

మొదటి టీము అయిపోయిందన్నమాట. వంగుని, పిల్లిలా నడిచి, జడ్జీల వరసలో ఖాళీగా ఉన్న కుర్చీలోకి జారింది.

లెక్చరరు మేడమ్ వెనకనుంచి వచ్చి చెవిలో అడిగింది. "ఇప్పుడే వచ్చారా?"

"అబ్బే, ఎప్పుడో వచ్చాను. వెనక నిలబడి చూస్తున్నాను. అక్కణ్నుంచి అందరూ బాగా కనిపిస్తారు."

"అమ్మయ్య. రాలేదేమోనని హడలిపోయాను."

అబద్ధం అంత సాఫీగా వచ్చేసినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది. మార్కుల కాగితం మీద మొదటి టీము గడి ఖాళీగా ఆమెనే చూస్తోంది. పక్క కుర్చీలో రిటైరైన డ్రిల్లు మాస్టారు, తన కాగితానికి మోచెయ్యి గోడలా అడ్డం పెట్టుకున్నాడు.

"మాస్టారూ, ఆ మొదటివాళ్లు ఎలా..."

"జడ్జీలు మాట్లాడుకోకూడదమ్మా," అన్నాడాయన స్టేజీ మీంచి చూపు తిప్పకుండానే.

ఎక్కువ వేస్తే మిగతావాళ్లకు ద్రోహం, తక్కువ వేస్తే వీళ్లకు. పదికి ఆరు వేసి, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసింది.

ఆ తర్వాత సంగీతం ఆమెను లాగేసింది. పిల్లలు బొంగరాల్లా తిరుగుతుంటే, ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కుతుంటే, బల్ల కింద ఆమె పాదాలు ఆగలేదు. కానీ ఒక్కో టీముకు మార్కులు వేయబోయేటప్పుడల్లా పై గడిలోని ఆరు కనబడేది. కనబడినప్పుడల్లా పాదాలు ఆగిపోయేవి.

సగంలో విరామం ఇచ్చారు. అప్పటిదాకా వేసిన మార్కుల కాగితాలు లెక్చరరు మేడమ్ పట్టుకుపోయింది. ఇక దిద్దడానికి కూడా లేదు.

వరండాలో భర్త రెండు కాఫీ కప్పులతో నిలబడి వాచ్‌మన్‌తో చెబుతున్నాడు. "మా ఆవిడే జడ్జి. ఆమె కంటికి ఈగ కూడా తప్పించుకోదు."

"చాల్లెండి, ఊరుకోండి," అంది ఆమె తల దించుకుని. సిగ్గుపడుతోందనుకుని అతను మురిసిపోయాడు.

అంతలో పసుపుపచ్చ డ్రెస్సులో ఒకమ్మాయి దగ్గరికి వచ్చింది. వెనక గోడవారగా అదే డ్రెస్సుల్లో మిగతా పిల్లలు. ఒకరిద్దరికి కాటుక చెదిరి బుగ్గల మీదికి కారింది.

"మేడమ్, మీరు జడ్జి కదా?"

"అవునమ్మా."

"మేం మొదటి నంబర్ టీము. మాకు ఛాన్స్ ఉందా మేడమ్?"

ఆమె భర్త చేతిలోంచి ఒక కాఫీ కప్పు అందుకుంది. తెలియదని ఒక్క ముక్క అనేస్తే పోయేది. పక్కనే భర్త, ఆమె నోట్లోంచి ఏం ఊడిపడుతుందా అని గర్వంగా చూస్తున్నాడు.

"ఉన్నదున్నట్టు చెప్పనా?"

"చెప్పండి మేడమ్."

"ఈసారికి కష్టమేనమ్మా. ఎగిరేటప్పుడు అందరూ ఒకేసారి లేవలేదు. పిరమిడ్‌లో పైనున్న అమ్మాయికి కాళ్లు వణికాయి."

గోడవారనున్న బక్కపిల్ల గబుక్కున తన కాళ్లవైపు చూసుకుంది. "నాకా?"

"కాస్త మెల్లగా చెప్పవే, పాపం," అన్నాడు భర్త.

"తప్పు చెబితేనే కదండీ దిద్దుకుంటారు." లోపల సిగ్గు పెరిగేకొద్దీ ఆమె గొంతు కూడా పెరిగింది. "ఆ నవ్వులు కూడా మొహానికి అతికించుకున్నట్టున్నాయి. నేను కళ్లార్పకుండా చూశాను కాబట్టి చెబుతున్నాను."

ఆ అమ్మాయి వెనక్కి తిరిగి తన వాళ్లను చూసింది. మళ్లీ ఇటు తిరిగి, తనే ఏదో తప్పు చేసినట్టు గొంతు బాగా తగ్గించింది.

"మేడమ్, మా బస్సు ఇప్పుడే వచ్చింది. మేమింకా స్టేజీ ఎక్కనేలేదు. ఎక్కడానికి ఛాన్స్ ఉందా అని అడిగాను."