ఆ రోజు కనిపించినవి

చాద్ దేశంలోని జకూమా అడవిలోకి మనుషులు అడుగుపెట్టడం మానేసి ముప్పై ఏళ్లయింది. యాత్రికులు ఇంట్లోనే కూర్చుని, అక్కడ వాటంతటవే తిరిగే, కెమెరాలు బిగించిన కళ్లబండ్లలోంచి జంతువులను చూస్తారు. సాయంత్రం కంచె ఇవతలికి వచ్చిన బండ్ల అద్దాలు తుడవడం పైడితల్లి ఉద్యోగం.

ఆ రోజు ఒక బండి అడవిలో బురదలో కూరుకుపోయింది. అందులోంచి చూస్తున్నది, బొబ్బిలిలో చిక్కుడుకాయలు ఒలుస్తున్న ఆమె పిన్ని అచ్చియ్యమ్మ. తప్పనిసరై పైడితల్లి మొదటిసారి కంచె దాటింది.

బండిని లాగుతుంటే వెనక కొమ్మలు విరిగిన చప్పుడైంది. మిగతా బండ్లను రాళ్లలా దాటుకుంటూ ఒక ఆడ ఏనుగు నేరుగా ఆమె దగ్గరికే వచ్చింది.

"పైడీ, కదలకే తల్లీ!" బండిలోంచి పిన్ని గొంతు వినిపించింది.

తొండం ఆమె పాదాలను వాసన చూసి, జడ దగ్గర ఆగింది.

"నిన్నేటే, అలగ సూస్తంది?"

"మనిషినెప్పుడు సూసిందని పిన్నీ?" పైడితల్లి గొణిగింది. "కొబ్బరినూనె వాసన కొత్త దానికి."

ఏనుగు వెనక్కి జరిగి, తన గున్నను మెల్లగా ముందుకు నెట్టింది. అదీ తనివితీరా చూసింది. తర్వాత రెండూ చెట్లలోకి వెళ్లిపోయాయి.

రాత్రి కాకముందే, ఎప్పటిలాగే, ఆ రోజు కనిపించిన జంతువుల జాబితా యాత్రికులందరికీ చేరింది. ఏనుగులు అరవై మూడు, జిరాఫీలు తొమ్మిది, మనిషి ఒకటి.